ఆముదమా, సింథటిక్కా? డెల్టా తేమలో మోడల్ ఇంజన్లతో 12 ఏళ్లు

మా అమలాపురం వైపు మోడల్ విమానం ఎగరేయడానికి ఏడాదిలో చక్కగా దొరికేది రెండు నెలలే. దాళ్వా కోతలు పూర్తయి, కాలువలు కట్టేసి, చేలు గట్టిపడ్డాక మొదలుపెడితే మళ్లీ నీళ్లు వదిలేదాకా. సార్వా కోతలకూ దాళ్వా నాట్లకూ మధ్య కొన్ని రోజులు చిక్కుతాయి గాని అప్పటికి మట్టి పూర్తిగా ఆరదు. మిగిలిన కాలమంతా ఇంజన్లు బీరువాలోనే. నాలుగు వైపులా నీళ్లూ కొబ్బరి తోటలూ ఉన్న ఇంట్లో ఉక్కు వస్తువుకు బీరువా కూడా భద్రమైన చోటు కాదు.

అందుకే రకరకాల నూనెలు వాడిన తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఇక్కడ ఇంధనంలో కలిపే నూనెను ఇంజను తిరిగే గంటలను బట్టి ఎంచుకుంటే సరిపోదు, అది కదలకుండా ఉండే నెలలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నా దగ్గర ఉన్న ముఖ్యమైన ఇంజను 46 సైజు, అంటే సుమారు 7.5 సీసీ. ఇది గ్లో రకం: నూనె కలిపిన మెథనాల్‌తో నడుస్తుంది, గ్లో ప్లగ్గులోని వేడి తీగ ఆ ఇంధనాన్ని మండిస్తుంది. మొదటి రెండేళ్లూ దానికి పూర్తిగా సింథటిక్ నూనె వాడాను, మొత్తం ఇంధనంలో 15 శాతం. ఆ రెండేళ్లూ చాలా హాయిగా గడిచాయని ఒప్పుకోవాలి. రెక్క మీద జిడ్డు తక్కువ, సైలెన్సర్ శుభ్రం, గ్లో ప్లగ్గు ఎక్కువ కాలం వచ్చేది. మూడో వేసవిలో ట్యాంకు గొట్టానికి సూది మోపినంత చిల్లు పడింది. గాలి బుడగలు చేరి, మిశ్రమం పలచబడి, ఇంజను ఆకాశంలో కీచుమని అరిచి ఆగిపోయింది. విమానం చేలో క్షేమంగా దిగింది. ఇంజను విప్పి చూస్తే పిస్టన్ పక్కన నిలువు గీతలు. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే మునుపటి బిగువు లేదు. అదే వానాకాలం తర్వాత రెండు బేరింగులూ గరగరలాడాయి. తీసి చూస్తే గోళీల మీద తుప్పు చుక్కలు.

ఇవి రెండూ వేర్వేరు జబ్బులు, కాని మూలం ఒకటే. సింథటిక్ నూనె హద్దులో ఉన్నంతసేపు బాగా పనిచేస్తుంది. వేడి హద్దు దాటితే పొర కాలిపోయి, లోహం మీద లోహం రాసుకుంటుంది. ఆముదం ఆ వేడికి మాయం కాదు, ఇంకా చిక్కబడి లోహాన్ని అంటుకుంటుంది. ఇంధనం ధారను సరిచేసే నీడిల్ మరను ఒక్క క్లిక్కు ఎక్కువ బిగించినా ఇంజను బతికి బయటపడేది ఈ గుణం వల్లే. ఇక తుప్పు సంగతి: మెథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. మండినప్పుడు నీటి ఆవిరితో పాటు కొంత ఫార్మిక్ ఆమ్లం కూడా పుడుతుంది. మెథనాల్‌లో కరిగే సింథటిక్ నూనెల్లో ఎక్కువ భాగం పాలీ ఆల్కిలీన్ గ్లైకాల్ జాతివి, వాటికీ తేమను పట్టే స్వభావం ఉంది. ఆముదం పొర బేరింగు మీద దుప్పటిలా నిలుస్తుంది.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని సామెత. ఇంజన్ల విషయంలో ఆముదానికి ఆ మాట అన్యాయం. మొదటి ప్రపంచ యుద్ధకాలపు రోటరీ విమాన ఇంజన్లకు ఆముదాన్నే ఎంచుకున్నారు, పెట్రోలు దాన్ని సులభంగా కడిగివేయలేదు కనుక. క్యాస్ట్రాల్ అనే నూనెల కంపెనీ పేరు పుట్టింది కూడా ఆముదానికి ఇంగ్లీషు పేరైన క్యాస్టర్ నుంచే.

అయితే ఏ ఆముదం? నేను ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. గింజలు వేయించి, దంచి, నీటిలో ఉడికించి తీసే వంటాముదం మా ఇళ్లలో పసిపిల్లల మాడుకు అంటే సరే, అందులో మిగిలే తేమ ఇంజనుకు పనికిరాదు. గానుగ ఆముదంలో జిగురు పదార్థాలు ఉండిపోతాయి, సీసా అడుగున మడ్డి చేరుతుంది. తలనూనెగా అమ్మే వాటిలో సువాసనలూ వేరే నూనెలూ కలుస్తాయి. మందుల దుకాణంలో దొరికే శుద్ధి చేసిన లేత రంగు ఆముదం నాకు బాగా పనికొచ్చింది. ఒకసారి విడిగా డబ్బాలో కొన్నది మాత్రం కల్తీ అని తేలింది. అప్పటి నుంచి ప్రతి కొత్త సీసానూ పరీక్షిస్తాను. గాజు గొట్టంలో ఒక పాలు ఆముదం, నాలుగు పాళ్లు మెథనాల్ పోసి బాగా కుదిపి రాత్రంతా వదిలేస్తాను. స్వచ్ఛమైన ఆముదం పూర్తిగా కరిగి తేటగా ఉంటుంది. పామాయిల్ వంటివి కలిస్తే తెల్లగా మబ్బు పట్టడమో, విడిపోయి నిలవడమో జరుగుతుంది.

ఇప్పుడు నేను వాడే పాళ్లు: లీటరుకు 800 మిల్లీలీటర్ల మెథనాల్, 100 ఆముదం, 100 సింథటిక్. ఎనిమిదేళ్లుగా ఇదే. కొత్త ఇంజనుకైతే మొదటి రెండు లీటర్లూ నూనె వాటా మొత్తం ఆముదమే. శక్తి పెంచడానికి కలిపే నైట్రోమీథేన్ నేను కలపను, నా నెమ్మదైన విమానాలకు దాని అవసరం రాలేదు. ఆముదం కొలపాత్రకు అంటుకుని లెక్క తప్పిస్తుంది, అందుకే తూకం వేస్తాను. 100 మిల్లీలీటర్లు సుమారు 96 గ్రాములు. మెథనాల్ విషం, కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. పగటి వెలుగులో దాని మంట కంటికి ఆనదు. అందుకని కలపడం ఆరుబయటే, చేతికి తొడుగులతోనే. పిల్లలను దగ్గరికి రానివ్వను.

ఆముదంలో లోపాలు లేవనను. సైలెన్సర్ లోపలా, పిస్టన్ మీదా గోధుమరంగు పూత గట్టిపడుతుంది. రెండేళ్లకోసారి ఆ భాగాలను కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో, వంటకు ఎన్నడూ వాడని గిన్నెలో, ఆరుబయట సన్నని సెగ మీద ఉంచుతాను. పూత మెత్తబడి ఊడివస్తుంది. నెలల తరబడి ఊరికే ఉంటే ఇంజను బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పకుండా హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే వదులుతుంది. రెక్క మీది జిడ్డుకు నా మందు కుంకుడు రసం. అమ్మమ్మల కాలం నుంచీ తలకు రాసిన ఆముదాన్ని వదిలించింది అదే కదా.

స్కూటర్‌కు పోసే టూ స్ట్రోక్ నూనె కలపవచ్చా అని చాలామంది అడుగుతారు. మెథనాల్ ఇంధనంలో వద్దు. ఖనిజ నూనె దానిలో కరగదు, అడుగున విడిగా చేరితే ఇంజనుకు ఒక గుక్క ఉత్త మెథనాలూ, ఒక గుక్క ఉత్త నూనే అందుతాయి. ఆ నూనె పెట్రోలు మోడల్ ఇంజన్లకు. అక్కడ ఇంజనుతో వచ్చిన కాగితంలో చెప్పిన పాళ్లే పాటించండి.

చివరగా నా 1.5 సీసీ డీజిల్ ఇంజను, అంటే ప్లగ్గు లేకుండా ఒత్తిడి వేడితోనే ఇంధనం మండే రకం. దీనికి ఈథర్, కిరోసిన్, ఆముదం సమపాళ్లలో, పైన సులభంగా మండేందుకు రెండు శాతంలోపు అమైల్ నైట్రేట్. ఇనుప పిస్టన్, సాదా బేరింగు ఉన్న ఇలాంటి పాత ఇంజనుకు సింథటిక్ నూనె జోలికే పోను. ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టింది నూనె కాదు, ఎండ. ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మే నెలలో చేలో అంతకన్నా ఎక్కువ వేడి ఉంటుంది. మూత నాలుగుసార్లు తీస్తే ఈథర్ ఎగిరిపోయి, సీసాలో నూనె వాటా పెరిగి, మధ్యాహ్నానికి ఇంజను ఎంత తిప్పినా అందుకోదు. ఆ ఆవిరి బరువైనది, నేల వెంట పాకుతుంది, దగ్గరలో చుట్ట నిప్పు ఉన్నా అంటుకుంటుంది. ఇప్పుడు 100 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో నింపి, తడి గోనె చుట్టి, కొబ్బరిచెట్టు నీడలో ఉంచుతాను. ఒక్కో సీసాను ఒక్క పూటకే తెరుస్తాను. ఎగరేయడం కూడా తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిది గంటలకల్లా ముగించేస్తున్నాను.