‘చేతిపని ఫిలిగ్రీ, ఒకే ఒక్క పీస్’ అని అమ్మే వెండి నగలతో జాగ్రత్త

ఆన్‌లైన్‌లో డిజైనర్ ఫిలిగ్రీ (సన్నని వెండి తీగలతో అల్లే నగిషీ) దిద్దులు కొనబోతున్నవాళ్ళు డబ్బు పంపే ముందు ఇది చదవండి. పద్నాలుగు వేలు పెట్టి నేను తెప్పించుకున్న జత చేతిపనీ కాదు, వెండీ కాదు. ఇత్తడి పోత మీద వెండి పూత.

కరీంనగర్ కళాకారుడి చేత చేయించామని, ఇలాంటిది మళ్ళీ చెయ్యబోమని నేను కొన్న ఆన్‌లైన్ పేజీలో రాశారు. చేసినవారి పేరు అడిగితే చెప్పలేదు. ‘925 ముద్ర ఉంది కదండీ’ అన్నారు. అంటే 92.5 శాతం వెండి అని.

అనుమానం భూతద్దంతో చూశాకే వచ్చింది. కరీంనగర్ పనిలో రెండు సన్నని వెండి తీగల్ని మెలిపెట్టి, చదును చేసి, చట్రంలో చుట్టలుగా అమర్చి, టంకం పొడి చల్లి వేడితో అతికిస్తారు. అందుకే తీగ అంచున ఆ మెలిక సన్నని పళ్ళలా కనిపిస్తుంది. నాకొచ్చిన దిద్దుల్లో అంచులు మొద్దుగా ఉన్నాయి, చుట్టలు కలిసేచోట కరిగి ముద్దైనట్టున్నాయి. అన్నిటికంటే పెద్ద ఆధారం ఇంకొకటి. ఎడమ దిద్దులో ఒక రేకు కొసన చిన్న తెగుడు ఉంది. కుడి దిద్దులోనూ అదే రేకుకి, అదే చోట, అంతే తెగుడు! చేత్తో చేసిన రెండు వస్తువుల్లో ఒకే లోపం అలా రాదు. ఒకే అచ్చులోంచి తీస్తేనే వస్తుంది.

తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. దుకాణాల్లో ఎక్స్‌రే మెషీన్ పైపొరనే చదువుతుంది, పూత మందంగా ఉంటే వెండి అనే చూపిస్తుంది. మాకూ అలాగే చూపించింది. వెనకవైపు ఆకురాయితో గీకితే పసుపు బయటపడింది. గీకడం ఇష్టం లేకపోతే నీటి తూకం ఉంది. మామూలు బరువుని, నీళ్ళలో ముంచి తూచినప్పుడు తగ్గిన బరువుతో భాగించండి. 925 వెండికి 10.3 దరిదాపుల్లో వస్తుంది, ఇత్తడికి 8.5 దగ్గర ఆగిపోతుంది. ఫిలిగ్రీ సందుల్లో గాలిబుడగలు చిక్కుకుంటాయి, బాగా విదిలించి తూచాలి.

ఇదంతా రాసి పంపితే అమ్మినవాళ్ళు ఇచ్చిన జవాబు నన్ను ఎక్కువ బాధపెట్టింది. ‘ఇది ఆర్ట్ జ్యూవెలరీ, మీరు కొన్నది డిజైన్, లోహం కాదు’ అన్నారు. ‘ఆర్ట్ జ్యూవెలరీ’ అన్న మాటని ఇలా వాడుకోవడం అన్యాయం. లోహం ధర కంటే ఆలోచనకి విలువిచ్చే ఈ రంగంలో రబ్బరు, కాగితం, ఇత్తడి అన్నీ వాడతారు, దాచకుండా చెప్పి మరీ వాడతారు. స్విస్ కళాకారుడు ఓటో క్యున్‌జ్లీ 1980లో నల్ల రబ్బరు కడియం చేసి లోపల బంగారు గుండు పెట్టాడు. కొన్నవాళ్ళకి ఆ బంగారం కనిపించదు, ఆయన మాట మీద నమ్మకంతో చేతికి తొడుక్కుంటారు. లోహం కంటే ఆలోచన ముఖ్యమైన చోట చేసినవాడి మాట ఇంకా నిక్కచ్చిగా ఉండాలి. చేసినవాడి పేరే చెప్పనివాళ్ళకి ఆ వాదన ఎక్కడిది?

కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక వస్తువన్న భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ పేరు పెట్టి అచ్చు సరుకు అమ్ముతుంటే, రోజుల తరబడి కూర్చుని తీగ చుట్టేవాళ్ళ మజూరీకి బేరమాడతారు జనం. నా డబ్బు కంటే నాకు ఇదే ఎక్కువ కోపం.

ఉత్త 925 అంకె హాల్‌మార్క్ (స్వచ్ఛతకి అధికారిక ముద్ర) కాదు, దాన్ని ఎవరైనా కొట్టించుకోవచ్చు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దానితోపాటు ఒక్కో వస్తువుకి విడిగా ఇచ్చే హెచ్‌యూఐడీ నంబరు (అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు) ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత, ఏ రకం వస్తువు అన్న వివరాలు వస్తాయి. వెండికి ఇది 2025 సెప్టెంబరు నుంచి ఉంది, కానీ తప్పనిసరి కాదు. కాబట్టి లేనంత మాత్రాన మోసమని అనలేం. అలాంటప్పుడు లోహం, బరువు, చేసినవారి పేరు, ‘చేతిపని’ అన్న మాట నాలుగూ బిల్లు మీద రాయించుకోండి. రాయమంటే నసిగేవాళ్ళ దగ్గర కొనకండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా తేలలేదు. రేకుల డిజైన్ ఫిలిగ్రీ దిద్దులు ఇలాగే కొన్నవాళ్ళుంటే రెండిటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూడండి. ఒకే లోపం రెండిట్లోనూ ఒకే చోట కనిపిస్తే బిల్లు, చాట్, ప్యాకెట్ మీది చిరునామా ఏదీ పారేయకండి. ఆ పేజీ పోస్టులు మాయం చేసేలోపు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి.