ఆర్వో యంత్రం బాగానే ఉంది, అమ్మేవాళ్ల మాటలే నమ్మలేను

మా హనుమకొండ ఇంట్లో ఈ ఆర్వో వాటర్ ప్యూరిఫయర్, అంటే నీటిలో కరిగిన లవణాలను సన్నటి పొరతో వడగట్టే యంత్రం, ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఎన్ని లీటర్ల ట్యాంకు, ఎన్ని దశల వడపోత అన్నది అట్టపెట్టె మీదే ఉంటుంది కాబట్టి వదిలేస్తున్నాను. నాకు ఒళ్లు మండేదల్లా దీన్ని అంటగట్టడానికి చేసి చూపించే నీటి పరీక్ష గురించే.

ఈ మధ్య పక్కింటి వదిన పిలిచింది. "మీరు ఎప్పటి నుంచో వాడుతున్నారు కదా, ఒకసారి వచ్చి చూడండి" అంది. వెళ్లేసరికి కంపెనీ అబ్బాయి బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టి ఉన్నాడు. ఒకదాంట్లో వాళ్ల నల్లా నీళ్లు, రెండోదాంట్లో మా ఇంటి నుంచి తెప్పించిన ఆర్వో నీళ్లు. లోహపు కడ్డీలున్న పరికరాన్ని వాటిలో ముంచి స్విచ్ వేశాడు. నిమిషం తిరక్కుండానే నల్లా నీళ్లు పసుపుపచ్చగా, ఆపైన తుప్పు రంగుకు మారాయి. పైకి నల్లటి తెట్టు తేలింది. మా నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. "పిల్లలు తాగుతున్నది ఇదేనమ్మా" అన్నాడు. వదిన ముఖం పాలిపోయింది.

మా నీళ్ల గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమన్నాను. "అలా చేస్తే పరీక్ష చెడిపోతుంది సార్" అని వెనకాడాడు. వదినే వంటింట్లోకి వెళ్లి ఉప్పు తెచ్చి వేసింది. అప్పటిదాకా స్వచ్ఛమని చెప్పిన నీళ్లే మా కళ్ల ముందు అదే తుప్పు రంగుకు తిరిగాయి. ఆ మురికి వచ్చింది నీళ్లలోంచి కాదు, ఇనుప కడ్డీలోంచి. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారి ఇనుము కరిగి తుప్పు అవుతుంది. ఆర్వో నీటిలో లవణాలు దాదాపు ఉండవు కనుక కరెంటు పారదు, రంగూ మారదు. మన ఒంటికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం కూడా ఆ లవణాల్లోవే. పిల్లల పేరు చెప్పి ఒక తల్లిని ఇలా భయపెట్టడం నాకు అసహ్యంగా అనిపించింది.

తర్వాత టీడీఎస్ మీటరు తీశాడు. అది చెప్పేది నీటిలో కరిగిన లవణాలెన్ని అన్నంతవరకే. క్రిములున్నాయో లేదో దానికి తెలియదు. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా సరేనంటుంది. వేరే దారి లేకపోతే 2000 వరకు అనుమతిస్తుంది. వదినవాళ్ల నల్లా నీటికి అతని మీటరే 300 లోపు చూపించింది. 500 లోపు ఉన్నచోట ఆర్వోను నిషేధించమని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రానికి చెప్పింది కూడా. ఆ సంగతి అమ్మేవాళ్లెవరూ ఎత్తరు.

మా యంత్రాన్ని నేను అందరి దగ్గరా మెచ్చుకున్నవాణ్నే. గిన్నెల అడుగున తెల్లటి పొర కట్టడం తగ్గింది, బోరు నీళ్లలో ఎంతకీ ఉడకని కందిపప్పు ఇప్పుడు చక్కగా ఉడుకుతుంది. అయితే ఈ లాభమంతా మేం బోరు నీళ్లు వాడే వేసవి నెలల్లోనే. నల్లా సక్రమంగా వచ్చే రోజుల్లో పెద్ద తేడా నాకు కనిపించలేదు. పైగా ఈ యంత్రం వడగట్టాక వృథాగా బయటికి పంపే నీళ్లు తాగే నీళ్లకంటే ఎక్కువే. ఆ గొట్టం కింద బకెట్ పెట్టి, నిండాక వాకిలి కడగడానికి వాడుతున్నాం. బకెట్ మార్చడం మరిచిపోయిన రోజు వంటిల్లంతా నీళ్లే.

మా ఇంటికైతే ఇది ఉండాల్సిందే. బోరు నీళ్లు గొంతు దిగనంత ఉప్పగా ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్లున్నారు. బోరు అవసరమే లేని వదినవాళ్లకు మాత్రం కొనమని చెప్పలేను. కాచి చల్లార్చినా, క్రిములను చంపే యూవీ ఫిల్టరు పెట్టుకున్నా సరిపోవచ్చు. కానీ వాళ్ల నల్లా పైపు పాతది, మోరీ పక్కనుంచే వస్తుంది. అందుకని ముందు ల్యాబులో క్రిములకు, ఫ్లోరైడుకు, నైట్రేటుకు పరీక్ష చేయించమన్నాను. ఆ కాగితం చేతికొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వనని వదిన ఆ అబ్బాయికి చెప్పేసింది.