ఎంచిన బుక్‌మార్కులు మాత్రమే ఇవ్వడానికి రెయిన్‌డ్రాప్: ఆరు నెలల వాడకం తర్వాత

విశాఖ సీతమ్మధారలో ఇంటి పట్టునే ఉండి అనువాదాలు చేసుకునే నాకు, చదివిన ప్రతి మంచి పేజీనీ బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసి దాచుకోవడం పదిహేనేళ్ల నాటి అలవాటు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతున్న మా మేనకోడలు తొట్లకొండ, బావికొండ, పావురాలకొండల బౌద్ధ స్థలాల మీద ప్రాజెక్టు రాయాల్సి వచ్చి, "మావయ్యా, నీ దగ్గరున్న లింకులన్నీ నాకు పంపించవా?" అని అడిగింది. నా దగ్గరున్న 1,100 పైచిలుకు బుక్‌మార్కుల్లో ఆమెకు పనికొచ్చేవి 43. ఆ నలభై మూడింటినే ఆమెకు అందించడానికి పడిన శ్రమ వల్ల నేను బుక్‌మార్కులను ఆన్‌లైన్‌లో దాచుకుని పంచుకునే రెయిన్‌డ్రాప్ అనే సేవను ఆశ్రయించాను. దాని గురించి రాసే ముందు మొదట చేసిన పొరపాటు చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ సేవ విలువ నాకు తెలిసింది ఆ పొరపాటు వల్లనే.

బ్రౌజర్‌లో బుక్‌మార్కులను ఎగుమతి చేసే సదుపాయం కనిపించగానే నొక్కాను. హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒకటి దిగింది. తెరిచి చూడకుండానే మెయిల్‌లో పంపించేశాను. ఆ రాత్రి తొమ్మిది దాటాక గాజువాక నుంచి మా అక్క ఫోన్ చేసి, "ఒరే, అమ్మకి ఏమైందిరా? నాకెందుకు చెప్పలేదు?" అంది. నేను పంపిన ఫైలులో "అమ్మ" అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ ఒకటుంది. అమ్మకు బయాప్సీ చేయించాలని డాక్టరు చెప్పిన వారంలో, ఆ పరీక్ష గురించీ దాని ఫలితాల గురించీ చదివిన పదకొండు పేజీలను నేను అందులో దాచుకున్నాను. రిపోర్టు వచ్చాక అక్కతో చెబుదామని అమ్మా నేనూ అనుకున్న మాట, ఇంటిల్లిపాదికీ ఆ విధంగా తెలిసింది. అమ్మ ఇప్పుడు కులాసాగా ఉంది; అయినా అక్క గొంతులో ఆ రాత్రి విన్న బెదురు నేను మరచిపోలేదు.

ఆ ఫైలును మర్నాడు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. మొదటి వరుసలో ఈనాటికీ నెట్‌స్కేప్ పేరే కనిపిస్తుంది. ఆ పాత బ్రౌజర్ కాలం నాటి పద్ధతినే నేటి బ్రౌజర్లు బుక్‌మార్కులను ఒకదాని నుంచి మరొకదానికి చేరవేయడానికి వాడుతున్నాయి. ప్రతి లింకు పక్కనా పది అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క, అంటే ఆ పేజీని మనం ఏ రోజున ఏ వేళకు దాచుకున్నామో కూడా ఫైలుతో పాటే అవతలివారికి చేరుతుంది. క్రోమ్ గానీ ఫైర్‌ఫాక్స్ గానీ ఎగుమతి చేసేటప్పుడు ఏ ఫోల్డర్ కావాలని అడగవు, ఉన్నదంతా ఇచ్చేస్తాయి. మన కంప్యూటర్ మార్చుకునేటప్పుడు అదే కావాలి కనుక దాన్ని లోపమనడం న్యాయం కాదు. ఇంకొకరికి ఇవ్వడం వేరే పని, దానికి వేరే సాధనం ఉండాలి.

సాధనమేదీ లేకుండా చేసే ఉపాయాలు కూడా చూశాను. క్రోమ్ బుక్‌మార్క్ మేనేజర్‌లో కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని కావలసినవి ఎంచి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే చిరునామాలు వరుసగా పడతాయి. నాలుగైదు లింకులకు ఇది చాలు. అయితే పేజీల పేర్లు రావు, పైగా తెలుగు పేజీలతో పెద్ద చిక్కు ఉంది. తెలుగు వికీపీడియాలోని విశాఖపట్నం వ్యాసం చిరునామాను అలా అతికిస్తే, "విశాఖపట్నం" అన్న మాటలో అక్షరాలూ గుణింతాల గుర్తులూ కలిపి కంప్యూటర్ లెక్కలో ఉన్న పది సంకేతాలూ ఒక్కొక్కటి తొమ్మిదేసి అక్షరాలుగా మారి, శాతం గుర్తులూ అంకెలూ ఆంగ్ల అక్షరాలూ కలిసిన తొంభై అక్షరాల బారు తయారవుతుంది. అటువంటివి ఇరవై వరుసగా వాట్సాప్‌లో వస్తే ఏది దేని గురించో ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? ఫైర్‌ఫాక్స్ వాడేవారికి ఒక హెచ్చరిక: అందులో బ్యాకప్‌గా తీసే జేసన్ ఫైలును ఇంకొకరికి ఇచ్చి, దాన్ని పునరుద్ధరించమని చెప్పకూడదు, ఎందుకంటే అలా చేస్తే వారి బుక్‌మార్కులు పోయి వాటి స్థానంలో మనవి వచ్చి కూర్చుంటాయి.

రెయిన్‌డ్రాప్‌లో ఈ పని మొదలయ్యే తీరే వేరు. బ్రౌజర్‌లోని బుక్‌మార్కులన్నిటినీ అందులోకి తెచ్చుకునే వీలుంది కానీ నేను ఆ పని చేయలేదు. ఖాళీ ఖాతాలో "తొట్లకొండ" పేరుతో ఒక కలెక్షన్ (ఫోల్డర్ లాంటిది) తెరిచి, బ్రౌజర్‌కు తగిలించుకునే రెయిన్‌డ్రాప్ ఎక్స్‌టెన్షన్ సాయంతో 43 పేజీలనూ ఒక్కొక్కటిగా తెరిచి చేర్చాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు సాయంత్రాలూ వృథా కాలేదు, ఎందుకంటే ప్రతి లింకునూ మళ్లీ చూడటం వల్ల పనిచేయనివి ఆరు బయటపడ్డాయి, మరి రెండు నేను ఎవరికీ ఇవ్వకూడనివని తేలింది. ఆ రెండూ ఒక మిత్రుడు తన డ్రైవ్‌లో పెట్టుకున్న తవ్వకాల ఫోటోలు. లింకు ఉన్నవారెవరైనా చూడగలిగేలా ఆయన అమర్చుకున్నాడు. అటువంటి చోట లింకు ఇవ్వడమంటే తాళంచెవి ఇవ్వడమే కనుక, ఆయన్ను అడిగి సరేనన్నాకే ఆ రెండూ చేర్చాను.

కలెక్షన్‌ను ఇంకొకరికి ఇచ్చే మార్గాలు రెండున్నాయి. బహిరంగ లింకు తీసుకుంటే దాన్ని అందుకున్నవారు ఖాతా లేకుండానే చూడవచ్చు. ఆ లింకు చేతులు మారితే ఎవరైనా చూడవచ్చు. మెయిల్ ద్వారా ఆహ్వానిస్తే అవతలివారికి కూడా ఖాతా ఉండాలి, అయితే వారు చూడటం వరకేనా, మార్పులు కూడా చేయవచ్చా అనేది మన ఇష్టం. నేను మేనకోడలికి మొదట చూసే అనుమతి మాత్రమే ఇచ్చాను. నెల తర్వాత ఆమె తనంతట తాను మంచి పేజీలు వెతకడం మొదలుపెట్టాక మార్పుల అనుమతి ఇస్తే, పన్నెండు లింకులు చేర్చింది. వాటిలో నాలుగు నేనెన్నడూ చూడనివి.

నాకు అన్నిటికంటే నచ్చింది లింకు కింద రాసుకునే గమనిక. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజెటీర్ స్కాన్ ప్రతి కింద "ఊళ్ల పేర్ల పాత వర్ణక్రమం కోసం చూడు, చరిత్ర భాగం ఆ కాలపు దొరల దృష్టిలో రాసింది, జాగ్రత్తగా చదువు" అని రాశాను. ఇంకో పేజీ కింద "పటం మాత్రం తీసుకో, తేదీలు వేరే చోట సరిచూసుకో" అని పెట్టాను. ఉత్త లింకును పంపితే చేరని సంగతి ఇదే: ఆ పేజీని ఎందుకు దాచుకున్నామో, అందులో ఎంతవరకు నమ్మవచ్చో. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబితే ఎలా ఉంటుందో ఇంచుమించు అలాగే ఉంది.

కొరతలు లేకపోలేదు. పేజీ మాయమైపోయినా మన దగ్గర నిలిచి ఉండే శాశ్వత ప్రతులూ, పేజీ లోపలి పాఠంలో వెతికే వీలూ డబ్బు కట్టినవారికే దొరుకుతాయి. పాత స్కాన్ల మీద ఆధారపడే విద్యార్థులకు మొదటిది చాలా ముఖ్యం కనుక, ఆ సదుపాయం కోసం డబ్బు కట్టడం దండగ కాదని నా అభిప్రాయం. ఏ సేవ అయినా కలకాలం ఉంటుందన్న భరోసా కూడా లేదు. బుక్‌మార్కులను పదిమందితో పంచుకోవడం 2003లోనే అలవాటు చేసిన డెలీషియస్ ఇప్పుడు లేదు, ఇటువంటి సేవలే అయిన ఎక్స్‌మార్క్స్ 2018 మే 1న మూతపడింది, పాకెట్ 2025 జులై 8న ఆగిపోయింది. రెయిన్‌డ్రాప్ నుంచి ఎంచిన కలెక్షన్ ఒక్కదాన్నే హెచ్‌టీఎంఎల్ గానో పట్టికగానో దించుకోవచ్చు కాబట్టి, ప్రతి నెల మొదటి ఆదివారం ఒక ప్రతి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటున్నాను.

ఇప్పుడు నా ఖాతాలో "అమ్మ" పేరుతో కూడా ఒక కలెక్షన్ ఉంది. అందులోకి నేను ఆహ్వానించింది అక్కను ఒక్కదాన్నే, మార్పుల అనుమతితో సహా. తర్వాతి పరీక్ష వివరాలు, డాక్టరు చదవమన్న పేజీలు, అమ్మ తినగలిగే వంటకాలు అందులో ఉంటాయి. పోయిన వారం అక్క రాగి జావ చేసే పద్ధతి ఒకటి చేర్చి, కింద గమనికలో "బెల్లం సగమే వెయ్యి, అమ్మకి తీపి ఎక్కువైతే తాగదు" అని రాసింది.