ఇరాక్ దినార్: చిరిగిన పాత నోటా, కొత్తగా అచ్చయిన నోటా?

కువైట్‌ను ఆక్రమించినందుకు ఐక్యరాజ్యసమితి 1990లో విధించిన ఆంక్షల తర్వాత ఇరాక్‌లో రెండు రకాల దినార్లు చెలామణి అయ్యాయి.

మొదటిది 'స్విస్ దినార్'. అచ్చు పలకలు స్విట్జర్లాండ్‌వి, ముద్రణ బ్రిటన్‌లో. ఆంక్షలతో ఆ దారి మూసుకుపోయింది. 1993లో బాగ్దాద్ ప్రభుత్వం, పరుగెత్తే గుర్రాల బొమ్మ ఉన్న 25 దినార్ల నోటును కొద్ది రోజుల గడువిచ్చి రద్దు చేసింది. ఇంట్లో దాచుకున్న డబ్బు చిత్తుకాగితమైపోవడం ఎంత కడుపుకోతో ఊహించుకోండి. ఉత్తరాన, బాగ్దాద్ అదుపులో లేని కుర్దుల ప్రాంతం మాత్రం ఆ నోట్లను వదల్లేదు. నలిగి, చిరిగితే టేపు అతికించుకుని మరీ వాడుకున్నారు.

రెండోది అప్పటి అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ బొమ్మతో దేశంలోనే నాసిరకం కాగితం మీద అచ్చేసిన నోటు. ఖజానాకు లోటు వచ్చినప్పుడల్లా ఇవే అచ్చేశారు. ఒకప్పుడు అధికారిక లెక్కన ఒక దినార్‌కు మూడు డాలర్లు వచ్చేవి. 1995 చివరికి ఒక్క డాలర్‌కే వేల దినార్లు పోయాల్సి వచ్చింది. జీతగాళ్లు నలిగిపోయారు. 10,000 నోటుకు దొంగనోట్ల భయం, అందుకే బజారులో దానికి పూర్తి విలువ ఇచ్చేవారు కాదు.

2003 అక్టోబరు నుంచి 2004 జనవరి దాకా రెంటినీ కొత్త దినార్లతో మార్చారు. సద్దాం నోటుకు ఒకటికి ఒకటి, స్విస్ దినార్‌కు 150.

నా దృష్టిలో స్విస్ దినారే మేలు. దాని వెనక ప్రభుత్వం లేదు, బంగారమూ లేదు. కొత్తగా అచ్చేసేవాళ్లు లేకపోవడమే దాన్ని కాపాడింది. కాకపోతే చిల్లరకు కటకట, చిరిగిన నోటుకు బదులు దొరకదు. ఆ ఇబ్బంది పడింది కూడా సామాన్యుడే.