పోటీకి క్లాసికల్ మోనోలాగ్: ఒక ఆన్‌లైన్ శిక్షణపై సమీక్ష

విద్యార్థుల నటన పోటీలకు క్లాసికల్ మోనోలాగ్ (పాత నాటకంలో ఒకే పాత్ర చెప్పే సుదీర్ఘ ప్రసంగం) సిద్ధం చేయించే ఒక ఆన్‌లైన్ శిక్షణలో మా నాటక బృందంలోని అమ్మాయిని చేర్పించి, పాఠాలన్నీ ఆమెతో పాటు నేనూ చూశాను. నాటకాన్ని చదివించే విషయంలో ఈ శిక్షణకు వంక పెట్టడానికి లేదు. అభినయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ స్థాయి నిలవలేదు.

ఆమె ఎంచుకున్నది షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాలుగో అంకంలో, న్యాయవాది వేషంలో ఉన్న పోర్షియా దయను గురించి చెప్పే 22 పంక్తుల ప్రసంగం. న్యాయనిర్ణేతలకు సైతం కంఠతా వచ్చి ఉండేంత పేరున్న ఘట్టమే అయినా, శిక్షకురాలు దాన్ని మార్చుకోమనలేదు. మొదటి తరగతిలో ప్రసంగం జోలికే పోకుండా, దానికి ముందున్న సంభాషణను మాత్రం పదేపదే చదివించారు. బాకీకి బదులు వర్తకుడి ఒంటి నుంచి మాంసం కోసుకుంటానని న్యాయస్థానంలో పట్టుబట్టిన యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ దయ చూపక తప్పదని పోర్షియా అనగానే, ఏ నిర్బంధం మీద చూపాలో చెప్పమని అతడు నిలదీస్తాడు. దయ నిర్బంధానికి లొంగేది కాదన్న మొదటి పంక్తి ఆ ప్రశ్నకు సూటి జవాబు. అంతవరకు సుభాషితం అప్పజెబుతున్నట్టు సాగిన ఆ అమ్మాయి గొంతు, ఎదుట ఒక మొండి మనిషి ఉన్నాడన్న ఎరుక కలగగానే వాదనలోకి దిగింది.

ఛందస్సు పాఠం కూడా ఇంతే శ్రద్ధగా ఉంది. పంక్తికి ఐదు ఊనికలను (నొక్కి పలికే చోట్లను) వేళ్లతో బల్లమీద తట్టించి, ఆ లయ చెవికి పట్టాక తట్టడం మాన్పించారు. దయ ఆకాశం నుంచి వానలా కురుస్తుందన్న వాక్యం రెండో పంక్తిలో మొదలై మూడో పంక్తి నడుమ ముగుస్తుంది కాబట్టి, రెండో పంక్తి చివర ఊపిరి తీసుకుంటే భావం తెగిపోతుందని ఆమెచేత రెండు విధాలా చెప్పించి వినిపించారు. వాచికాన్ని, అంటే మాట పలికే తీరును, ఇంత ఓపికగా నేర్పేవారు అరుదు.

చిక్కంతా ఆ తరువాతే వచ్చింది. పోటీ కోసమని వారు పంపిన కుదింపు ప్రతి 14వ పంక్తి మధ్యలో, న్యాయానికి దయ తోడైనప్పుడు మనుషుల అధికారం దైవత్వానికి దగ్గరవుతుందన్న మాటతో ఆగిపోతుంది. నిజానికి ఆ పంక్తి రెండో సగంలోనే పోర్షియా షైలాక్‌ను నేరుగా సంబోధించి, న్యాయమే కావాలంటున్నావు గానీ ఇది ఆలోచించు అంటుంది. దయను మెచ్చుకోవడం ఒక మనిషిని మార్చే ప్రయత్నంగా తిరిగేది అక్కడే కనుక, ఆ మలుపును కోసేస్తే నటికి చేయడానికి మిగిలేది తక్కువ. పూర్తి ప్రసంగాన్ని తొందరపడకుండా చెప్పినా రెండు నిమిషాలలోపే ముగుస్తుంది కాబట్టి, ఆ వ్యవధి ఇచ్చే పోటీలకు ఈ కోత అవసరమే లేదు.

వీడియో పంపితే రాసి ఇచ్చే సూచనలు ఇంకా నిరాశ కలిగించాయి. వాన అన్నప్పుడు చేయి పైనుంచి దించాలట, కిరీటం అన్నప్పుడు నుదుటిని తాకాలట! మాటలో ఉన్నదాన్నే చేతితో మళ్లీ చూపించడం ఆంగికం (శరీరంతో చేసే అభినయం) అనిపించుకోదు. తరువాతి వీడియోకు వేరొక శిక్షకుడు చేతులు బాగా తగ్గించమని రాశారు; ఇద్దరూ ఒకరి సూచనలను ఒకరు చూసుకున్నట్టు లేదు. న్యాయనిర్ణేతల కళ్లలోకి చూస్తూ చెప్పమన్న సలహాను మేము పాటించలేదు. షైలాక్‌ను వారి తలలకు కాస్త పైన ఒకచోట ఊహించుకోమన్నాను, చూపు కుదురుకుంది.

పాఠ్య విశ్లేషణ తరగతులను విడిగా తీసుకునే వీలుంది కనుక, మరో విద్యార్థి వస్తే వాటివరకే చేర్పిస్తాను. అయితే ఎంచుకునే మోనోలాగ్ పద్యంలో ఉండాలి. ఇదే నాటకం మూడో అంకంలో, తనవారైన యూదులకు మాత్రం కళ్లు లేవా అని షైలాక్ అడిగే ప్రసంగం గద్యంలో ఉంటుంది. అటువంటివాటిని ఎలా పట్టుకోవాలో చెప్పే పాఠం ఈ శిక్షణలో ఒక్కటీ లేదు.