రైఫిల్ రీలోడింగ్: ముందు డై, తర్వాతే ప్రెస్ (చాలా ఏళ్ల వాడకం తర్వాత)

కాల్చిన ఇత్తడి కేస్‌లని (తూటా గొట్టాలని) మళ్లీ నింపడమే రీలోడింగ్. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి కచ్చితమైన తూటాలు ఇలా సొంతంగా చేసుకుందామనుకునే వాళ్లందరూ మొదట అడిగేది ఏ ప్రెస్ (కేస్‌ని డైలోకి నెట్టే లీవర్ యంత్రం) కొనాలి అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న, మొదటిది డై, అంటే కేస్‌ని నొక్కి మళ్లీ కొలతకి తెచ్చే అచ్చు. .308 విన్‌చెస్టర్‌కీ, తర్వాత 6.5 క్రీడ్‌మూర్‌కీ (రెండూ తూటా రకాలే) ఏళ్ల తరబడి రీలోడ్ చేస్తున్నాను. ఈలోపు ప్రెస్‌లు మార్చాను, డైలు మార్చాను. టార్గెట్ మీద తేడా కనిపించింది మాత్రం డై మార్చినప్పుడు, దాన్ని సెట్ చేసే పద్ధతి మార్చినప్పుడు.

కాల్చినప్పుడు ఇత్తడి కేస్ చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడలకి అంటుకునేదాకా సాగి, ఒత్తిడి తగ్గాక కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది. అంటే కాల్చిన కేస్ మీ చాంబర్‌కి దాదాపు అచ్చు లాంటిది. సైజింగ్ డై పని దాన్ని మళ్లీ సాఫీగా లోపలికి వెళ్లేంత తగ్గించడం, అంతకు మించి తగ్గించకపోవడం. బోల్ట్ రైఫిల్ అయితే షోల్డర్ (కేస్ సన్నబడే వాలు భాగం) 0.001 నుంచి 0.002 అంగుళం వెనక్కి జరిగితే చాలు, సెమీ ఆటోమేటిక్ అయితే ఇంకొంచెం ఎక్కువ ఇవ్వాలి. ఇప్పుడు డై పెట్టెలో వచ్చే కాగితం చూడండి, షెల్ హోల్డర్‌ని (కేస్ అడుగుని పట్టి ఉంచే ముక్క) తాకేదాకా దింపి ఇంకో పావు చుట్టు తిప్పమంటుంది. డై మరలు 7/8-14, అంటే అంగుళానికి 14 చుట్లు, ఒక్క చుట్టుకి 0.071 అంగుళం, పావు చుట్టు అంటే 0.018 దాకా. అందులో కొంత ప్రెస్ సాగడానికే పోతుంది, నిజమే, కానీ మనకి కావలసిన 0.002 అంగుళం పది డిగ్రీల తిప్పుడుతోనే వచ్చేస్తుంది! ఆ కాగితం ఏ రైఫిల్‌లోనైనా తూటా పట్టాలని రాసింది, మీ రైఫిల్ కోసం కాదు. దాన్నే పట్టుకుని ప్రతిసారీ షోల్డర్‌ని ఎక్కువగా తోస్తూ పోతే కేస్ అడుగుకి కాస్త పైన ఇత్తడి పలచబడుతుంది, బయట మెరిసే గీత కనిపిస్తుంది, పట్టించుకోకపోతే ఒకరోజు కేస్ రెండు ముక్కలవుతుంది. సన్న తీగ కొన వంచి లోపలి గోడ మీద గీరి చూడండి, గాడి తగిలితే ఆ కేస్ పారేయాల్సిందే.

అందుకే డై కొనేముందు కాలిపర్, షోల్డర్ కొలిచే కంపేరేటర్ కొనమంటాను. కొలిచేముందు పేలిన ప్రైమర్ (కేస్ అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత) తీసేయండి, అది కాస్త ఉబ్బి ఉన్నా కొలత తప్పుతుంది.

డై రకాల గురించి. నెక్ (బులెట్‌ని, అంటే తూటా మొనని, పట్టుకునే సన్నని మూతి) మాత్రమే సైజ్ చేస్తే కేస్ ఎక్కువ కాలం వస్తుంది, కచ్చితత్వం పెరుగుతుంది అని పాత వాళ్లు గట్టిగా చెబుతారు. నేనూ కొన్నాళ్లు అలాగే చేశాను. కొన్నిసార్లు కాల్చాక బోల్ట్ మూయడం బరువెక్కుతుంది, అప్పుడు ఎలాగూ ఫుల్ లెంగ్త్ (కేస్ మొత్తాన్ని) సైజ్ చేయాలి, అంటే రెండు రకాల తూటాలతో కాలుస్తున్నట్టే కదా. ప్రతిసారీ ఫుల్ లెంగ్త్, కానీ కొలిచి, అదే ఇప్పుడు నా పద్ధతి. నెక్ సైజింగే చేయాలని పట్టుబట్టే వాళ్లకి లీ కాలెట్ డై మంచి బేరం: నెక్‌ని చుట్టూ నొక్కి లోపలున్న మాండ్రెల్‌కి (కొలత కడ్డీకి) అదుముతుంది, లూబ్ (జారడానికి రాసే జిడ్డు) అక్కర్లేదు, నెక్ నిటారుగా వస్తుంది.

నేను ఎక్కువగా వాడేది రెడ్డింగ్ టైప్ ఎస్ ఫుల్ లెంగ్త్ బుషింగ్ డై (బుషింగ్ అంటే నెక్‌ని నొక్కే, మార్చుకోగల రింగు). మామూలు డై నెక్‌ని అవసరానికి మించి నొక్కి, తర్వాత ఎక్స్‌పాండర్ బాల్‌ని (నెక్‌ని మళ్లీ వెడల్పు చేసే గుండు) లోపలి నుంచి లాగుతుంది. ఆ లాగుడులో నెక్ వంకర పోతుంది, ఒక్కోసారి సరిగ్గా పెట్టిన షోల్డర్ కూడా పైకి సాగుతుంది. బుషింగ్‌తో అయితే ఎంత నొక్కాలో మీ చేతిలో ఉంటుంది. పూర్తయిన తూటా నెక్ బయటి కొలత తీసుకుని 0.002 తగ్గించండి, నా .308 కేస్‌లలో అది 0.338 అంగుళం, కాబట్టి 0.336 బుషింగ్. కాకపోతే బుషింగ్ నెక్ మొత్తాన్ని తాకదు, షోల్డర్ దగ్గర చిన్న పట్టీ వదిలేస్తుంది. గోడ మందం ఎగుడుదిగుడుగా ఉంటే ఆ ఎగుడుదిగుడంతా లోపలికి నెడుతుంది. అందుకని ఎక్స్‌పాండర్ బాల్ తీసేసి, వేరేగా 0.306 మాండ్రెల్ దింపుతాను. ఒక పని ఎక్కువే, కానీ బులెట్ కూర్చోబెట్టేటప్పుడు చేతికి తెలిసే ఒత్తిడి అన్నిటికీ ఒకేలా ఉంటుంది.

ఒక కంపెనీ (పేరు వద్దు) డైతో మాత్రం చాలా విసుగొచ్చింది. షోల్డర్ కొలత సరిగ్గానే ఉండేది, అయినా కాల్చాక బోల్ట్ పైకి లేపుతుంటే చివర్లో టక్కున పట్టేసేది. డై అడుగు భాగం నా చాంబర్‌కి వదులు, కేస్ అడుగు దగ్గర అసలు నొక్కడమే లేదు. షోల్డర్‌ని ఇంకా తోస్తే ఇది పోదు. కొందరు తయారీదారులు మీ రైఫిల్‌లో కాల్చిన కేస్‌లు పంపితే వాటికి తగ్గట్టు డై కోసిస్తారు, టైట్ చాంబర్ ఉన్నవాళ్లు ముందే ఆ దారి పట్టడం మేలు.

ఇక ప్రెస్. పోత ఇనుముతో చేసిన 'O' ఆకారపు సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒకే డై పట్టేది) ఏదైనా, ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ కానీ లీ క్లాసిక్ కాస్ట్ కానీ, ఈ పనికి సరిపోతుంది. రామ్ (కేస్‌ని పైకి నెట్టే కడ్డీ) కాస్త అటూఇటూ కదిలితే కంగారు పడక్కర్లేదు, కేస్ డైలోకి వెళ్లాక దాని దారి అది చూసుకుంటుంది. నాకు అంతకంటే ముఖ్యం పాత ప్రైమర్ మసి ఎటు పోతుందన్నది. అది రామ్ మీద పడితే గరుకు కాగితంలా అరగదీస్తుంది. లీ క్లాసిక్ కాస్ట్‌లో రామ్ లోపలి నుంచే గొట్టంలోకి దిగిపోతుంది, అది నాకు బాగా నచ్చింది. ఆ మసిలో సీసం ఉంటుంది, పని కాగానే చేతులు కడుక్కోండి.

ఫోర్‌స్టర్ కో-యాక్స్ ప్రెస్ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. డైని మరతో బిగించే పని లేదు, గాడిలోకి తోస్తే చాలు. కేస్‌ని పట్టే దవడలు కూడా కాస్త కదులుతూ దాన్ని మధ్యకి తెచ్చుకుంటాయి. వంకర తక్కువే, కానీ జాగ్రత్తగా సెట్ చేసిన మామూలు ప్రెస్‌తో పోలిస్తే ఆ తేడా డబ్బుకి తగ్గంత ఉందా అంటే... నాకైతే సుఖం కోసం కొన్నట్టే అనిపిస్తుంది. లాక్ రింగ్ (డై సెట్టింగ్ కదలకుండా బిగించే రింగు) మందం కుదరకపోతే గాడిలో పట్టదు, రింగ్‌లు మార్చాలి. ఇంకొకటి, రెడ్డింగ్ కాంపిటీషన్ షెల్ హోల్డర్‌లు 0.002 చొప్పున ఎత్తు పెరుగుతూ 0.010 దాకా వస్తాయి, డై తిప్పకుండానే షోల్డర్ సర్దుకోవచ్చు. కో-యాక్స్‌కి అసలు షెల్ హోల్డరే లేదు కాబట్టి అదనపు అడాప్టర్ లేకుండా అవి ఇక్కడ పనికిరావు.

టరెట్, ప్రోగ్రెసివ్ ప్రెస్‌లు వేగం కావాల్సిన వాళ్లకి, నాకు అక్కర్లేదు.

లూబ్ విషయంలో లోభం వద్దు, అతి కూడా వద్దు. బాటిల్ నెక్ కేస్‌కి కార్బైడ్ డై ఉన్నా లూబ్ కావాలి, లేకపోతే కేస్ డైలో ఇరుక్కుంటుంది. ఎక్కువైతే షోల్డర్ మీద సొట్టలు పడతాయి. నాకు ఇంపీరియల్ వ్యాక్స్ వేలికొసతో పలచగా రాస్తే సరిపోతుంది. లాక్ రింగ్ బిగించేటప్పుడు కేస్‌ని డై లోపలే ఉంచి బిగించండి, డై నిటారుగా కూర్చుంటుంది.

డై ఒకసారి సెట్ చేశాం కదా అని వదిలేయకండి. కాల్చినకొద్దీ ఇత్తడి గట్టిపడి, అదే సెట్టింగ్‌లో షోల్డర్ తక్కువ జరుగుతుంది. ఎనీల్ చేస్తే (నెక్, షోల్డర్‌ని వేడి చేస్తే) మళ్లీ మెత్తబడి ఎక్కువ జరుగుతుంది. నేను ఎనీల్ చేసిన ప్రతిసారీ మొదటి కొన్ని కేస్‌లు కొలిచి, తేడా ఉంటే డై సర్ది, ఆ తర్వాతే మిగతావి ముట్టుకుంటాను.