'గెట్' క్రియను విప్పిచెప్పే నిఘంటువు
ఇంగ్లీషు నేర్చుకునేవారిని బాగా తికమకపెట్టే 'గెట్' క్రియను ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ వివరించిన తీరు నాకు ఎంతో నచ్చింది. పొందడం, చేరుకోవడం, అర్థం కావడం, జబ్బు చేయడం వంటి అర్థాలను విడదీసి, ఉదాహరణ వాక్యాలతో చూపించారు. 'గెట్ యాంగ్రీ' అంటే కోపం రావడమనీ, 'గెట్ ద కార్ రిపేర్డ్' అంటే కారును మరొకరిచేత బాగుచేయించడమనీ ఆ వాక్యాల వరుసను బట్టి ఇట్టే బోధపడుతుంది; 'చేయించు' వంటి క్రియలను రోజూ వాడే మనకు ఈ రెండో ప్రయోగం మరీ సులువు. 'గెట్ ఓవర్' (కోలుకోవడం), 'గెట్ అలాంగ్' (సఖ్యంగా ఉండడం) లాంటి జంటపదాలను 'గెట్' వివరణ చివర అక్షరక్రమంలో కూర్చారు కాబట్టి వెతుకులాట తగ్గుతుంది. 'హావ్' తర్వాత 'గాట్'కు బదులు అమెరికన్లు వాడే 'గాటెన్' రూపాన్నీ వదిలిపెట్టలేదు.

ఎ.ఎస్. హార్న్‌బీ, ఆయన సహచరులు ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసమే మొదలుపెట్టిన నిఘంటువిది. అర్థాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక హైస్కూలు పిల్లలకు పక్కన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూడా అవసరం. డిగ్రీ విద్యార్థులకూ, పోటీ పరీక్షలకు చదివేవారికీ దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.